మా జిల్లాల లాయర్లకు: ఆ ఖాళీ గడి గురించి వాదించండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్న లాయర్లందరికీ నమస్కారం. సీనియర్లకూ, ఈ మధ్యే నల్లకోటు తొడుక్కున్న జూనియర్లకూ కలిపే రాస్తున్నాను. దివ్యాంగుల పింఛను ఆపేస్తూ వచ్చే ఆర్డర్ల గురించి ఇది.

శ్రీకాకుళం జిల్లాలో ఒక మండల కేంద్రంలో నాకు జిరాక్సు, డీటీపీ షాపు ఉంది. పదహారేళ్లుగా జనానికి అర్జీలు టైపు చేసి పెడుతున్నాను. పింఛను, రేషను కార్డు, పాసుపుస్తకం, సరిహద్దు తగాదా, ఏదైనా సరే. ఈ పదహారేళ్లలో నేను కొట్టిన అర్జీల్లో సగానికి పైగా ఒకే మాటతో ముగిశాయి: "తమరు దయతలచి మాకు న్యాయం చేయగలరని ప్రార్థన." మొన్నటిదాకా ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. మా తమ్ముడి పింఛను పోయాకే అది ఎక్కడ పనికిరాదో తెలిసింది.

వాడికి రెండేళ్లప్పుడు, 1986లో, జ్వరం వచ్చింది. తగ్గాక చూస్తే కుడికాలు లేవలేదు. పోలియో. ఇప్పుడు నలభై దాటాయి. కుడి తొడ మీద అరచెయ్యి నొక్కిపెట్టి, ఆ చేతి బలంతో మోకాలు మడత పడకుండా చూసుకుంటూ నడుస్తాడు. చెయ్యి తీస్తే పడతాడు. కుట్టుమిషనుకి మోటారు పెట్టుకుని బట్టలు కుడతాడు. 2011లో సదరం క్యాంపులో, అంటే వైకల్యం శాతం తేల్చే ప్రభుత్వ వైద్య శిబిరంలో, 62 శాతం వైకల్యం అని, శాశ్వతం అని సర్టిఫికెట్ ఇచ్చారు. 2024 జులై నుంచి నెలకు 6,000 పింఛను వచ్చేది. అందులోంచే మా అమ్మ మందులు, వాళ్ల పాప స్కూలు ఆటో.

2025లో దివ్యాంగుల పింఛన్లన్నీ మళ్లీ పరిశీలించారు. తమ్ముణ్ణి కూడా పిలిచారు. పొద్దున్న ఏడింటికి వెళ్తే మధ్యాహ్నం రెండింటికి లోపలికి పంపారు, అయిదు నిమిషాల్లో బయటికొచ్చేశాడు. కొన్నాళ్లకి 40 శాతం కంటే తక్కువ ఉంది కాబట్టి అనర్హులు అని నోటీసు వచ్చింది. అప్పీలు పెట్టాం. అప్పీలు నడిచినన్నాళ్లూ పింఛను వచ్చింది. తర్వాత ఆర్డరు వచ్చింది. రెండే వాక్యాలు. "మీ అప్పీలు పరిశీలించడమైనది. వైకల్య శాతం 40 కంటే తక్కువ ఉన్నందున తిరస్కరించడమైనది."

ఆ కాగితం చదివి తమ్ముడు నన్ను ఒకటే అడిగాడు (మా వైపు అక్కని అప్ప అంటారు). "ఏటప్పా, నా కాలు బాగైపోనాదని రాసినారా?"

ఏం చెప్పను? 62 ఉన్నది 40 లోపుకి ఎలా దిగిందో ఆ ఆర్డరులో ఎక్కడా లేదు.

వాణ్ణి తీసుకుని ముగ్గురు లాయర్ల దగ్గరికి వెళ్లాను. ముగ్గురూ మర్యాదగానే మాట్లాడారు. మొదటాయన, "డాక్టర్లు తేల్చిన శాతంలో కోర్టు వేలు పెట్టదమ్మా" అన్నారు. రెండో ఆయన, "పింఛను గవర్నమెంటు స్కీము, హక్కు కాదు" అన్నారు. మూడో ఆవిడ, "హైకోర్టుకి వెళ్లాలి, నీకు అంత ఖర్చు ఎందుకు, కలెక్టరు గారికి ఇంకో అర్జీ పెట్టుకో" అన్నారు. ఇంటికొచ్చి ఆ అర్జీ మొదలుపెట్టాను. "దయతలచి" దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

నాలుగోసారి జిల్లా కోర్టు ఆవరణలో, ఉచిత న్యాయ సాయం ఇచ్చే న్యాయసేవాధికార సంస్థకి వెళ్లాం. అక్కడ ప్యానెల్‌లో ఉన్న ఒక లాయరమ్మ ఆర్డరు చదివి, వెనక్కి తిప్పి చూసి, "రెండో పేజీ ఏదీ?" అని అడిగింది. లేదన్నాను. "ఏం కొలిచారు, ఎంత వచ్చింది, ఆ షీటు ఇచ్చారా?" లేదన్నాను. "పాత సర్టిఫికెట్ చూశామని గానీ, చూడలేదని గానీ ఎక్కడైనా రాశారా?" అదీ లేదు. అప్పుడు ఆవిడ అన్న మాట నేను మర్చిపోలేను. "కోర్టులో నేను మీ తమ్ముడి కాలు గురించి మాట్లాడనమ్మా. ఈ కాగితం గురించి మాట్లాడతాను."

ఈ ఉత్తరం ఆ ఒక్క మాట గురించే. మీకు తెలియని చట్టం నేను చెప్పబోవడం లేదు. నాకు ఇప్పుడు తెలిసింది, మీకు ఎప్పుడో తెలిసింది, మరి మా దాకా ఎందుకు రాలేదో అడుగుదామని రాస్తున్నాను.

ముందు ఆ ముగ్గురు చెప్పినదాంట్లో నిజమెంతో ఒప్పుకుంటాను. కోర్టు డాక్టరు కాదు. 1963లో సయ్యద్ యాకూబ్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గట్టిగానే గీసింది. ట్రిబ్యునల్ లాంటి కింది అధికారి సాక్ష్యం చూసి ఒక నిజాన్ని తేలిస్తే, అది తప్పని తోచినా, అధికారి ఆర్డరును సవాలు చేస్తూ వేసే రిట్‌లో హైకోర్టు మళ్లీ తూచదు. కానీ అదే తీర్పు ఇంకో మాట కూడా చెప్పింది. చూడాల్సిన సాక్ష్యాన్ని తోసిపుచ్చినా, సాక్ష్యమే లేకుండా తేల్చినా, రికార్డు మీదే చట్టపరమైన తప్పు కనిపిస్తున్నా కోర్టు జోక్యం చేసుకోవచ్చు. నాకు మొదటి సగమే చెప్పి పంపించారు. రెండో సగంలోనే మా తమ్ముడి కేసు ఉంది.

"పింఛను హక్కు కాదు" అన్న మాటా అలాంటిదే. ఎంత ఇవ్వాలో, ఏ షరతులు పెట్టాలో ప్రభుత్వం చేతిలో పని, సరే. కానీ వాడి పింఛను ఆగింది శాతం వల్ల. ఆ శాతం స్కీములోంచి పుట్టలేదు, 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద పుట్టింది. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారు ఎవరో ఆ చట్టమే చెప్పింది. 56వ సెక్షన్ కింద కేంద్రం మార్గదర్శకాలు ఇవ్వాలి, 58వ సెక్షన్ ప్రకారం డాక్టర్లు ఆ మార్గదర్శకాల ప్రకారమే కొలవాలి, 59వ సెక్షన్ కింద అప్పీలు. పింఛను డబ్బు దయ అనుకున్నా, కొలత దయ కాదు. సరిగ్గా కొలిపించుకునే హక్కు వాడికి పార్లమెంటు ఇచ్చింది.

లాయరమ్మ సలహా మీద సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. వైకల్యం లెక్కించిన షీటు, అప్పీలులో మళ్లీ పరీక్షించిన షీటు, 2011 సర్టిఫికెట్ తాలూకు రికార్డు, మూడూ అడిగాం. ముప్ఫై రోజులు నిండే ముందు కవరు వచ్చింది. రెండు పేజీలు. షాపులో కస్టమర్లు నిలబడి ఉండగానే చింపాను.

కాలి వైకల్యం ఎలా లెక్కిస్తారో నాకు అంతకుముందు తెలియదు. రెండు భాగాలుంటాయి. కీళ్లు ఎంత తిరుగుతున్నాయి, కండరాలకు ఎంత బలముంది అనేది ఒక భాగం. మనిషి నిలబడగలడా, నడవగలడా అనేది రెండో భాగం, దాన్ని స్థిరత్వం అంటారు. ఈ రెండో భాగానికి తొమ్మిది పరీక్షలు: చదును నేల మీద నడవడం, వాలు మీద నడవడం, మెట్లెక్కడం, రెండు కాళ్ల మీద నిలబడడం, దెబ్బతిన్న కాలి మీద నిలబడడం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, మోకాళ్ల మీద నిలబడడం, వెనక్కి తిరగడం. ఒక్కోదానికి పది, మొత్తం తొంభై. తర్వాత రెండు భాగాలనూ ఉత్తినే కూడరు. పెద్ద అంకెను అలాగే ఉంచి, తొంభైలోంచి దాన్ని తీసేస్తే మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి, తొంభైతో భాగించి, వచ్చినది పెద్ద అంకెకు కలపాలి.

తమ్ముడి షీటులో మొదటి భాగం దగ్గర 36 అని ఉంది. రెండో భాగం గడి ఖాళీ. సున్నా కూడా వేయలేదు, ఒక గీత కూడా లేదు. కింద మొత్తం: 36.

లెక్క చేసి చూశాను. 90లోంచి 36 పోతే 54. తొమ్మిది పరీక్షల్లో వాడు ఒక్కటి, ఒకే ఒక్కటి చేయలేడనుకోండి, పది. 54ను పదితో గుణించి తొంభైతో భాగిస్తే 6. మొత్తం 42. నలభై దాటింది. కుడికాలి మీద వాడు ఒంటరిగా నిలబడలేడని వీధిలో వాణ్ణి చూసిన ఎవరైనా చెప్తారు. గొంతుక్కూర్చోలేక వాడి కోసం ఇంట్లో కుర్చీ బాత్రూం కట్టించుకున్నాం. ఆ గడిలో ఏం రాయాలో నేను చెప్పడం లేదు, అది డాక్టరు గారి పని. ఖాళీగా వదలకూడదు అంటున్నాను. మార్గదర్శకాల్లో ఉన్న సగం పరీక్ష చేయకుండా ఒక మనిషి అర్హత తేల్చేయడం వైద్యపరమైన అభిప్రాయం ఎలా అవుతుంది? అది చట్టం చెప్పిన పని చేయకపోవడం. అది మీ పని, కోర్టు పని.

ఆ రెండో పేజీ అప్పీలుది. అందులో కొలతలే లేవు. "మొదటి నివేదిక సమర్థించడమైనది" అని మూడు సంతకాలు.

అప్పీలు అధికారులు కారణాలు రాయాలని సుప్రీంకోర్టు ఒకసారి కాదు, ఎన్నోసార్లు చెప్పిందట. 2010లో క్రాంతి అసోసియేట్స్ తీర్పులో వరుసగా సూత్రాలు కూర్చి మరీ చెప్పింది. ఆర్డరు నిలుస్తుందా లేదా అన్నది అందులో రాసిన కారణాలను బట్టే చూడాలి, కోర్టుకు వచ్చాక అఫిడవిట్‌లో కొత్త కారణాలు తెచ్చి అతికించడానికి వీల్లేదు అని మొహిందర్ సింగ్ గిల్ కేసులో 1977 నాటి నుంచే ఉంది. ఇది వింటే నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఎందుకంటే మా భయం అదే. రేపు కోర్టులో "అప్పుడే చూశాం, అన్నీ చేశాం" అని ప్రభుత్వం జవాబుగా కౌంటరు వేస్తే మేమెవరం కాదనడానికి? కానీ ఆర్డరులో లేనిది కౌంటరులో పుట్టకూడదు. ఆ మరుసటి ఏడాది, 1978లో మేనకా గాంధీ కేసు తీర్పు కూడా వచ్చింది. మనిషి బతుకును తాకే నిర్ణయం తీసుకునే ముందు ఆ మనిషి మాట వినాలి. ఏ కాగితం ఆధారంగా అనర్హుడంటున్నారో ఆ కాగితం చూపించకుండా అప్పీలు పెట్టుకోమంటే, దేని మీద పెట్టుకోవాలి? మేం పెట్టిన అప్పీలులో నేను ఏం టైపు చేశానో చెప్తాను: "మా తమ్ముడు కడుపేద, అమ్మకి ఆరోగ్యం బాగోదు, పింఛనే ఆధారం." అన్నీ నిజాలే. కానీ కొలతకి సంబంధించిన ముక్క ఒక్కటి లేదు. పాత సర్టిఫికెట్ జతచేశాను గానీ, అది శాశ్వతమని ఎందుకు రాశారు, పోలియోతో చచ్చుబడిన కండరం నలభై ఏళ్లకి తిరిగి బలం పుంజుకుంటుందా అని అడగలేదు. అడగాలని నాకు ఎవరూ చెప్పలేదు. నాలాంటి అర్జీల వాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. మేం రాసే అప్పీళ్లు మొదటి మెట్టు మీదే బలహీనపడితే, తర్వాత మీ దగ్గరికి వచ్చే కేసు కూడా బలహీనంగానే వస్తుంది.

పరిశీలనే వద్దని నేను అనడం లేదు. దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయి. డబ్బిచ్చి శాతం రాయించుకున్నవాళ్లని మా మండలంలోనే చూశాను, వాళ్ల కాగితాలు నా షాపులోనే జిరాక్సు తీయించుకున్నారు. అలా మోసం చేసి లబ్ధి పొందితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని 2016 చట్టంలోనే ఉంది. వేయండి. క్యాంపుల్లో డాక్టర్ల అవస్థ కూడా చూశాను. ఒక్క డాక్టరు, బయట వందల మంది, మధ్యాహ్నం అన్నం కూడా లేదు. ఆ ఒత్తిడిలో ఒక గడి ఖాళీగా మిగిలిపోవడం అర్థమవుతుంది. అప్పీలు అనే రెండో మెట్టు పెట్టింది అందుకే కదా. ఆ మెట్టు మీద కూడా అదే గడి ఖాళీగా ఉండిపోతే ఎలా?

తమ్ముడి కాగితం చూశాక నా షాపుకొచ్చే అప్పీలు ఆర్డర్లు ఒక కాపీ తీసి పెట్టుకుంటున్నాను, వాళ్ల ఇష్టంతోనే. తమ్ముడిదితో కలిపి పదకొండు అయ్యాయి. పదకొండింటిలోనూ అవే రెండు వాక్యాలు, పేరూ నంబరూ తప్ప.

అందులో ఒకటి జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఆమెది. చెవుడు. జీడి నూనెతో వేళ్లు కాలి కాలి చర్మం అరిగిపోయింది, వేలిముద్ర పడక రేషను దగ్గర ఎప్పుడూ ఇబ్బందే. ఆమెని గదిలోకి పిలిచి పేరు అడిగారట, పెదాలు చూసి చెప్పింది. "వినబడుతోంది కదా" అన్నారట. చెవి పరీక్ష గ్రాఫు ఆమె ఫైల్లో ఉందో లేదో ఇంకా తెలియదు, సమాచార హక్కు కింద అడిగాం. ఇంకోటి మంచం దిగలేని ఒక పెద్దాయనది. క్యాంపుకి రమ్మన్నారు, రాలేదు, "గైర్హాజరు" అని రాశారు, అప్పీలులోనూ అదే నిలబెట్టారు. మంచం మీదున్న మనిషి రాకపోవడమే అతని వైకల్యానికి రుజువు. అదే కారణంగా వైకల్యం లేదని తేల్చారు. ఇంకోటి చెన్నైలో బిల్డింగు పనికి వెళ్లిన కుర్రాడిది. ఒక చెయ్యి మోచేతి దాకానే ఉంది, రెండో చేత్తో మేస్త్రీ దగ్గర లెక్కలు రాస్తున్నాడు. నోటీసు ఇంటి తలుపుకి అంటించారు. ఇంట్లో వాళ్లమ్మ ఒక్కతే, చదువు రాదు. సంక్రాంతికి వచ్చినప్పుడు చూసుకున్నాడు.

మా జిల్లాల సంగతి మీకు నేను చెప్పాలా? ఇంటికొకరు చెన్నైలోనో, హైదరాబాదులోనో, విశాఖలోనో ఉంటారు. నోటీసు ఇల్లు చేరినంత మాత్రాన మనిషికి చేరినట్టు కాదు. ఇది మీరు కోర్టుకి చెప్పగలరు. నేను చెప్తే అర్జీ, మీరు చెప్తే గ్రౌండు, అంటే కోర్టు వినే వాదన.

ఇప్పుడు మిమ్మల్ని ఏం అడుగుతున్నానో చెప్తాను.

ఖర్చు మాట ముందు తీసేయండి. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్నవారికి, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది. 15100కి ఫోను చేసినా దారి చెప్తారు. ఇది నాకు పదహారేళ్లలో ఒక్క లాయరూ చెప్పలేదు. మీ దగ్గరికి వచ్చిన మనిషిని "ఖర్చవుతుందమ్మా" అని పంపేముందు ఈ ఒక్క మాట చెప్పి, అక్కడికి పంపండి. హైకోర్టు దూరం, నిజమే. 2019 నుంచి అమరావతిలో ఉంది, మాకు రాత్రంతా రైలు. కానీ మా తమ్ముడు అక్కడికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. వకాల్తా మీద, అఫిడవిట్ మీద సంతకాలు ఇక్కడే పెట్టాడు.

రెండోది, సోమవారాలు. కలెక్టరేట్లో గ్రీవెన్సు జరిగే రోజు జనమంతా అక్కడే ఉంటారు, చేతిలో ఇలాంటి ఆర్డర్లే. నెలకు ఒక సోమవారం మీలో ఇద్దరు అక్కడ కూర్చుని కాగితాలు చూడండి. ఏది వాదించదగిన కేసు, ఏది కాదు, మొహమాటం లేకుండా చెప్పండి. నిజంగానే అన్ని పరీక్షలూ చేసి 38 వచ్చినవాళ్లు ఉంటారు, వాళ్లకి "ఇందులో లా పాయింటు లేదు, కొన్నాళ్లకి ఇబ్బంది పెరిగితే మళ్లీ పరీక్ష చేయించుకో" అని చెప్పడం కూడా మేలే. అబద్ధపు ఆశతో తిరిగేవాళ్లని నేను రోజూ చూస్తున్నాను. ఆటో చార్జీలకే పింఛనంత ఖర్చు.

మూడోది, మాలాంటి అర్జీల వాళ్లకి నేర్పండి. అప్పీలులో ఏం రాయాలో ఒక అరపూట చెప్పండి చాలు: ఏ పరీక్ష చేయలేదు, ఏ పాత రికార్డు చూడలేదు, ఏ కాగితం ఇవ్వలేదు. మొదటి మెట్టులోనే ఇవి రాసి ఉంటే, అప్పీలు అధికారి వాటికి జవాబు చెప్పక తప్పదు. చెప్పకపోతే అదే మీకు గ్రౌండు అవుతుంది.

కోర్టులో గెలిచినా వెంటనే పింఛను రాదని లాయరమ్మ ముందే చెప్పింది. చాలావరకు ఆర్డరు కొట్టేసి, "మళ్లీ సరిగ్గా పరీక్షించి, కారణాలు రాసి తేల్చండి" అని వెనక్కి పంపుతారట. తమ్ముడికి ఇది చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పర్లేదప్పా, ఈసారి నిలబెట్టి చూస్తారు కదా" అన్నాడు. వాడి రిట్‌కి నంబరు పడింది. వాయిదా ఇంకా రాలేదు. ఇంట్లో టెన్షన్ తగ్గలేదు, కానీ "దయ" అనే మాట అమ్మ నోట్లోంచి కూడా వినబడడం మానేసింది. "మన కాగితం ఎంతవరకు వచ్చినాది?" అని అడుగుతోంది.

మిగిలిన పది కాగితాలు నా షాపులో అట్టపెట్టెలో ఉన్నాయి. సమాచార హక్కు జవాబులు వచ్చినవి నాలుగు, రావాల్సినవి ఆరు. మీలో ఎవరు మొదలుపెట్టినా ముందు చెన్నై కుర్రాడిది చూడండి. వాడి ఆర్డరు వచ్చి అయిదు నెలలు దాటింది, ఇంకా ఆలస్యమైతే ఇన్నాళ్లు ఏం చేశావని కోర్టు అడుగుతుంది. వచ్చే నెల రెండో వారంలో నాలుగు రోజులు ఊళ్లో ఉంటాడు. సంతకాలు పెట్టించాలంటే అప్పుడే.

ఇట్లు,
జిరాక్సు షాపులో అర్జీలు రాసే ఒక అక్క